గుంతలకెల్లి

ఏనుమాముల రోడ్డు మీద నాది రేకుల షెడ్డు.
షెడ్డుల ఆరడుగుల గుంత.
ఇరవై రెండేండ్లసంది బండ్లను నేను
కిందికెల్లే చూస్తున్న.

మనుషులు మొఖం కడుక్కుంటరు గని
బండి కడుపు ఎవ్వరు కడగరు.
చక్రం సందుల ఎర్రమట్టి ఉంటే ములుగు దిక్కు,
బంక నల్లరేగడైతే పరకాల,
మడ్‌గార్డు ఎనుక నల్లపొడి మెరిస్తే
భూపాలపల్లి బాయిల తొవ్వ.
ఇంట్ల హన్మకొండ అని చెప్పి
ఏటూరునాగారం పోయొచ్చినోళ్లు నాకెరికే.
ఎరికైంది నీళ్లపైపు పెట్టి కడిగేస్త.
మట్టి మోరీల కలవంగనే
నేను గూడ మర్చిపోయినట్టే.
ఇది నాకెవ్వరు నేర్పలె,
పానలు పట్టుడుతోటే వచ్చింది.

ఆ సోమారం మొగిలి ట్రాలీ ఎక్కిచ్చిండు గుంత మీదికి.
ఆయిల్ మార్చాలె, ఎనుక బుష్షులు చప్పుడు.
బోల్టుకు చెయ్యి పెడితే
చాసిస్ సందుల, అగ్గిపెట్టె కంటె జరంత పెద్దది,
నల్లది, సూదంటురాయితోటి కర్సుకొని ఉన్నది.
కుక్క చెవిల గోమారి లెక్క.
గుంజితే రాలె.
లోపట చిన్న పచ్చలైటు
ఆగి ఆగి కన్ను కొడుతున్నది.

పోయిన వారం యాదికొచ్చింది.
జీన్సు ప్యాంటు, పొట్టి కటింగు, కాళ్లకు ఎర్రబూట్లు.
"మొగిలి రాత్రి బండి యాడ పెడ్తడే?"
చాయ్ పైసలు ఆయనే ఇచ్చిండు.
"రైస్‌మిల్లు గల్లీల, సారూ" అన్న.
ఇరవై రెండేండ్లు మట్టి కడిగిన మనిషిని,
పది రూపాల చాయ్‌కి నోరు తెరిసిన.

మా చిన్నప్పుడు గూడ చూసుడు ఉండె.
మఫ్టీ ఆయన హోటల్ కాడ
ఒక్కటే పేపరు పొద్దుమీకేదాక చదువుతుండె.
ఎండకు చెమట పట్టేది ఆయనకు,
దోమలు కుట్టేటియి, ఆకలైతే ఇంటికి పోతుండె.
మా అమ్మ ఓసారి జాలిపడి సల్ల పోసింది.
ఇది సల్ల తాగదు.
దీనికి ఇంటికి పోయే యాళ్ల లేదు.

ఇల్లు సోదా చేస్తమంటే కాగితం అడగొచ్చునట,
పంచులను పిలువుమనొచ్చునట,
జడ్జి సంతకం ఎండకు పట్టి చూడొచ్చునట.
కారు రిపేరుకిచ్చిన వకీలు సాబ్ చెప్పిండు.
మరి బండికి? అని అడిగితే
ఆయన తన కారు కిందికి వంగి చూసిండు.

చాయ్ తాగుతున్న మొగిలిని సైగ చేసి గుంతలకు దించిన.
టార్చి కొట్టి చూపిచ్చిన.
శానాసేపు చూసిండు.
మొన్న రోడ్డు భూముల ధర్నాకు
రెండు ట్రిప్పులు జనాన్ని దించిండు, కిరాయి తొమ్మిది నూర్లు.
ఆ ముచ్చటెత్తుతడనుకున్న.
ఎత్తలె.
"యాకన్నా, బేస్తారం బేస్తారం నేను
ధర్మసాగరం కట్ట మీద బండి ఆపుకొని
గంటసేపు కూసుంట.
అది గూడ దీంట్ల పడ్డదా?"

పడ్డదన్న.

"ఏం చెయ్య ఆడ. ఎవ్వరు రారు. నీళ్లు చూస్త.
మా ఇంటామెకు గూడ తెల్వది.
రేపు పిలిచి, ఎందుకు కూసున్నవురా, ఎవని కోసమంటే
ఏం చెప్పాలె?
ఏం లేదంటే నమ్ముతరా?"

తెంపుదామా అన్న.
"తెంపితే దొంగనైత."

ఆయిల్ మార్చిన, బుష్షులు ఏసిన.
డబ్బ ఉన్నకాడ్నే ఉన్నది.
రైస్‌మిల్లు గల్లీ ముచ్చట నాలుక మీదికొచ్చి
ఆడ్నే ఆగింది.
పైసలు మాత్రం తీసుకోలె.
ఎందుకన్నా అని రెండుసార్లు అడిగిండు.

బేస్తారం పొద్దుగూకే యాళ్లకు
మొగిలి ట్రాలీ తెచ్చి షెడ్డుల పెట్టిండు.
"రాత్రిదాక ఉండనియ్యి" అని తాళంచెవి చేతుల పెట్టి
నా పాత సైకిల్ అడిగిండు.
ఎనుక టైర్ల గాలి లేదు.
పంపు కొట్టి ఇచ్చిన.
ఎటు అని అడగలె.

తెల్లారి షెట్టర్ లేపితే
గోడకు ఒరిగి సైకిల్,
చక్రాలకు ఇంకా ఆరని చెరువు బురద.
నీళ్లపైపు అందుకున్న.